పాత కారు షెడ్డు షట్టరుకు తాళం, పిడి పాడైతే: బాగుచేయించడమా, మార్చడమా, పద్ధతినే మార్చుకోవడమా?

విజయవాడలో సత్యనారాయణపురం, గాంధీనగర్, సూర్యారావుపేట వంటి పాత పేటల్లోను, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లోను ఒకప్పటి ఇళ్ళకు పక్కగానో ముందుగానో ఒక కారు షెడ్డు, దానికి పైకి చుట్టుకునే ఇనుప షట్టరు ఇప్పటికీ కనిపిస్తాయి. షెడ్డు గట్టిగానే ఉంటుంది, షట్టరు రేకు కూడా ఇంకా కొన్నేళ్ళు ఆగేలాగే ఉంటుంది. మొరాయించేది మాత్రం నడుమనున్న తాళం, దాని పక్కనున్న పిడి. తాళంచెవి సగం తిరిగి ఆగిపోతుంది, లేదా గిర్రున తిరుగుతుంది కాని గడియ పడదు. పిడి ఒక పక్క ఊడి వేలాడుతుంది. అప్పుడు ఇంటివారికి అందే సలహాలు రకరకాలుగా ఉంటాయి. నూనె వేస్తే చాలని ఒకరు, తాళం మొత్తం మార్చమని మరొకరు, రెండు చివరలా తాళం కప్పలు వేసుకుంటే గొడవే ఉండదని ఇంకొకరు, ఇంత ఖర్చుకు మోటారే పెట్టించవచ్చు కదా అని వేరొకరు చెబుతారు. ఈ నాలుగు సలహాలూ ఒక్కొక్క సందర్భంలో సరైనవే. అయితే మన షట్టరు ఏ సందర్భంలో ఉన్నదో తేల్చుకోకుండా వీటిలో దేనిని ఎంచుకున్నా డబ్బు పోతుంది, బాధ మిగులుతుంది.

ఎంపికకు ముందు: పాడైనది నిజంగా తాళమేనా?

షట్టరు తాళం అని మనం అనేది ఒక్క వస్తువు కాదు. నడుమ ఒక తాళం పెట్టె ఉంటుంది. దాని నుంచి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి పొడవైన కమ్మీలు పోతాయి. ఆ కమ్మీల కొసలు రెండు పక్కలా ఉన్న గైడు ఛానళ్ళ (షట్టరు పైకి, కిందికి జారే ఇనుప గాడుల) రంధ్రాలలోకి దూరితేనే షట్టరు తాళం పడినట్లు. కాబట్టి లోపం పెట్టెలో ఉండవచ్చు, కమ్మీలలో ఉండవచ్చు, లేదా ఆ రెండూ బాగానే ఉండి షట్టరే కిందికి జారి రంధ్రాల ఎత్తు తప్పి ఉండవచ్చు. పాత షట్టర్ల విషయంలో ఈ మూడవ కారణాన్నే ముందుగా అనుమానించాలని నా అభిప్రాయం, ఎందుకంటే దానిని సరిచేయకుండా కొత్త తాళం బిగిస్తే ఆ కొత్త తాళం కూడా అదే తీరున ఇరుక్కుంటుంది.

దీనిని తేల్చడానికి పెద్ద పనివాడు అవసరం లేదు. షట్టరును పూర్తిగా దించి, ఒకరు అడుగు పట్టీని కాలితో కొంచెం కిందికి అదుముతూ, తరువాత చేతితో కొంచెం పైకి లేపుతూ ఉండగా మరొకరు తాళంచెవి తిప్పి చూడాలి. ఈ రెండింటిలో ఏదో ఒక స్థితిలో తాళం సాఫీగా పడితే పెట్టె నిర్దోషి. షెడ్డు లోపలికి వెళ్ళి టార్చిలైటు వేసి గైడు రంధ్రం చుట్టూ చూస్తే సాక్ష్యం కూడా దొరుకుతుంది: కమ్మీ కొస రోజూ గీసుకున్న చోట తుప్పు పోయి, రంధ్రానికి సరిగ్గా కిందనో పైననో ఇనుము నెలవంకలాగా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు రంధ్రానికి కింద ఉంటే షట్టరు ఉండవలసిన ఎత్తు కన్నా దిగి ఉన్నదని, పైన ఉంటే నేలలో ఏదో పైకి లేచి షట్టరును పూర్తిగా దిగనివ్వడం లేదని అర్థం. వాకిట్లో సిమెంటు కొత్తగా వేయించిన ఇళ్ళలో రెండవది తరచుగా జరుగుతుంది.

అదుమినా లేపినా ఫలితం లేకపోతే, లోపలి వైపు నుంచి కమ్మీలను పెట్టెకు కలిపే పిన్నులు తీసి, కమ్మీలు లేకుండా తాళంచెవి తిప్పాలి. ఇప్పుడు తేలికగా తిరిగితే లోపం కమ్మీలలో ఉంది: వంగి ఉంటాయి, లేదా వాటిని పట్టి ఉంచే క్లిప్పులు ఊడి ఉంటాయి. ఇప్పుడు కూడా తిరగకపోతేనే, లేదా చెవి తిరిగినా కమ్మీలను జరిపే లోపలి పలక కదలకపోతేనే, తాళం పెట్టెను తప్పు పట్టాలి.

మూడవ పరీక్ష పిడికి సంబంధించినది. షట్టరును సగం ఎత్తుకు లేపి, కాళ్ళు దూరంగా పెట్టుకుని, చేతుల పట్టు నెమ్మదిగా సడలించాలి. పైన ఉండి షట్టరు బరువును మోసే స్ప్రింగులు సరిగ్గా ఉంటే షట్టరు అక్కడే దాదాపుగా నిలబడుతుంది. బరువుగా కిందికి దిగిపోతే స్ప్రింగుల బిగువు తగ్గినట్లు. ఆ బరువునంతా రోజూ రెండు చిన్న రివెట్ల మీద లాగుతూ ఉంటే పిడి ఊడక ఏమవుతుంది? మా పెదనాన్నగారి షెడ్డుకు పిడి మార్చడానికి వచ్చిన షట్టరు మేస్త్రి సామాను సంచి విప్పకుండానే షట్టరును ఒకసారి లేపి చూసి, "పిడి మారిస్తే మళ్ళీ ఊడుద్దండీ, ముందు దీని బరువు సంగతి చూడాలండీ" అన్నాడు. పని తెలిసినవాడి గుర్తు అదే.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. పైనున్న స్ప్రింగు పెట్టెలను ఇంటివారు ఎట్టి పరిస్థితిలోను విప్పకూడదు. బిగించి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విడిపోతే వేళ్ళు, ముఖం దెబ్బతింటాయి. అది అనుభవమున్న షట్టరు మేస్త్రి మాత్రమే చేయవలసిన పని.

ఏ కొలబద్దలతో పోల్చాలి?

మొదటిది భద్రత, అయితే దానిని షెడ్డులో ఏమున్నదన్న దానితో కలిపి ఆలోచించాలి. పాత స్కూటరు, ఖాళీ డబ్బాలు ఉన్న షెడ్డుకు, లోపలి నుంచి ఇంట్లోకి తలుపు ఉన్న షెడ్డుకు ఒకే రకం తాళం సరిపోదు. రెండవది వాడకం: రోజుకు రెండుసార్లు కారు తీసేవారికి వంగి లేవడం, రెండు తాళాలు విప్పడం ఎంత విసుగో నెలకొకసారి తెరిచేవారికి తెలియదు. మూడవది లోపలి నుంచి తెరుచుకునే వీలు. దీనిని చాలామంది పట్టించుకోరు. మనిషి లోపల ఉండగా బయట ఎవరో తాళం వేసి వెళ్ళిపోయే ప్రమాదం తాళం కప్పల పద్ధతిలో ఎప్పుడూ ఉంటుంది.

నాలుగవది మన వాతావరణం. కృష్ణ ఒడ్డున తేమ, వేసవిలో 45 డిగ్రీల దాకా పోయే ఎండ, ఏడాది పొడవునా రోడ్డు దుమ్ము, ఈ మూడూ కలిసి తాళాన్ని తినేస్తాయి. ఎండ సంగతి ఊరికే అనడం లేదు. ఇనుము ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 9 అడుగుల వెడల్పున్న షట్టరు తెల్లవారుజామున ఉన్న స్థితి నుంచి పడమటి ఎండలో 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, ఎండ తగిలిన ముఖం కొంచెం ఉబ్బుతుంది కూడా. రంధ్రంలో సందు లేకుండా బిగుతుగా అమర్చిన తాళం పొద్దున పడి, సాయంత్రం పడకపోవడానికి కారణం ఇదే.

ఐదవది పాత రేకు ఎంతవరకు ఓర్చుకుంటుందన్నది. కొత్త రంధ్రాలు పెట్టిన ప్రతిసారీ ఆ పట్టీ బలహీనపడుతుంది. ఖర్చు ఆరవది. కొలతను బట్టి, రకాన్ని బట్టి, పేటను బట్టి ధరలు మారుతాయి కనుక ఇక్కడ రూపాయల లెక్క ఇవ్వకుండా ఒకదానితో ఒకటి పోల్చి చెబుతున్నాను.

మొదటి మార్గం: శుభ్రం చేసి సర్దడం

పెట్టె లోపల విరిగినది ఏదీ లేదని తేలినప్పుడు ఇదే సరైన మార్గం, అన్నిటికన్నా చవకైనది కూడా. చెవి దూరే కంతలోని దుమ్మును గాలి కొట్టి ఊదించాలి. ఆ తరువాత ఏమి వేయాలన్నదే ప్రశ్న. పిన్నులతో పనిచేసే సిలిండరు (చెవి దూరే గుండ్రటి లోపలి భాగం) ఉన్న తాళమైతే గ్రాఫైటు పొడి మంచిది. అది దొరకకపోతే మెత్తటి పెన్సిలు ములుకును చెవి పళ్ళ మీద బాగా రుద్ది కొన్నిసార్లు లోపలికి, బయటికి ఆడించినా పని జరుగుతుంది. కొబ్బరినూనె, ఆముదం వేసే అలవాటు మనవాళ్ళలో ఉంది. అవి కొన్నాళ్ళకు జిగురుగా మారి మన ఊరి దుమ్మును పట్టి ముద్ద చేస్తాయి. డబ్ల్యూడీ-40 వంటి స్ప్రే తుప్పు పట్టి బిగుసుకున్నదానిని విడిపించడానికి చక్కగా పనికొస్తుంది, కాని ఎక్కువ కాలం నిలిచే కందెన కాదు. దానితో విడిపించి, తుడిచి, ఆ తరువాత అసలు కందెన వేయాలి. కమ్మీలకు, వాటి క్లిప్పులకు మాత్రం పలుచగా గ్రీజు పూయవచ్చు, ఎందుకంటే అవి షెడ్డు లోపలి వైపు ఉంటాయి.

సర్దడం అంటే రంధ్రాల సంగతి. ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు తప్పితే గుండ్రటి ఆకురాయితో గైడు రంధ్రాన్ని తప్పిన వైపుకు కొంచెం సాగదీస్తే సరిపోతుంది. అంతకు మించి తప్పితే రంధ్రాన్ని పెద్దది చేస్తూ పోకూడదు. అడుగు పట్టీ వంగిందా, గైడుకు దెబ్బ తగిలిందా, నేల లేచిందా అని చూసి దానిని సరిచేయించాలి. రంధ్రం మరీ పెద్దదైతే షట్టరు తాళం పడి కూడా లబలబలాడుతుంది, ఆ సందులో గునపం దూర్చడం తేలిక.

రెండవ మార్గం: పెట్టె ఉంచి, లోపలి భాగమో తాళంచెవో మార్చడం

దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సిలిండరు విడిగా ఊడి వచ్చే రకం తాళమైతే, సరిపడే సిలిండరు దొరికితే, ఇది మంచి పని. పాత రంధ్రాలు, పాత బోల్టులు అలాగే ఉంటాయి, రేకుకు ఏ హానీ ఉండదు. పాత షట్టరు తాళాలు ఎక్కువగా లీవర్ల రకం, అంటే చెవి పళ్ళు లేపే చిన్న పలకలతో పనిచేసేవి. వాటి లోపలి లీవరు అరిగితే విడి భాగం కోసం తిరగడం దండగ. తాళాలు బాగుచేసేవారు లీవర్లను రాపి పనిచేయిస్తారు కాని, రాపిన కొద్దీ ఏ చెవికైనా తెరుచుకునే గుణం పెరుగుతుంది.

చెవి మాత్రమే అరిగిందనుకుంటే ఒక మాట గుర్తుంచుకోవాలి. అరిగిన చెవిని చూసి చేసిన నకలు ఆ అరుగుదలను కూడా నకలు చేస్తుంది. బీరువాలో వాడకుండా పడి ఉన్న రెండవ చెవి ఉంటే దానినే నమూనాగా ఇవ్వాలి.

మూడవ మార్గం: తాళం, పిడి మొత్తం సెట్టు మార్చడం

లోపం పెట్టెలోనే ఉందని తేలిన పాత షట్టర్లకు నేను మొగ్గేది ఈ మార్గానికే. ఇంకొక కారణం కూడా ఉంది. ఇరవై ఏళ్ళుగా అద్దెకున్నవారు, డ్రైవర్లు, పనివారు, బంధువులు ఎవరెవరి దగ్గర నకలు చెవులు ఉన్నాయో ఇంటివారికే తెలియని స్థితిలో, పాత తాళం బాగుపడినా భద్రత బాగుపడదు.

అయితే ఈ మార్గంలో అసలు చిక్కు కొలతలది. తాళాల తయారీకి పేరున్న అలీగఢ్ సరుకైనా, 1897లో బొంబాయిలో మొదలైన గోద్రెజ్ సరుకైనా, పెట్టె మీద పేరు కన్నా ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. పాత పెట్టె పొడవు, వెడల్పు. బిగించే రంధ్రాల మధ్య దూరం. చెవి కంత పెట్టెలో ఎక్కడ ఉంది, అది రేకులో ఉన్న కంతకు ఎదురుగా వస్తుందా అన్నది. కమ్మీ కొసను పట్టుకునే పద్ధతి పిన్నా, కొక్కెమా అన్నది. తాళం వేసినప్పుడు కమ్మీ ఎంత దూరం జరుగుతుందన్నది. ఈ చివరిది అందరూ మరచిపోతారు. పాత తాళం కమ్మీని ఎంత జరిపేదో కొత్తది అంతకన్నా తక్కువ జరిపితే, తాళం పడిన చప్పుడు వస్తుంది కాని కమ్మీ కొస రంధ్రం అంచున మాత్రమే నిలుస్తుంది. ఒక్క గట్టి కుదుపుకు జారిపోతుంది. అందుకని ఫోటో తీసుకుని దుకాణానికి వెళ్ళడం కన్నా, పాత పెట్టెను ఊడదీసి చేతిలో పట్టుకుని వెళ్ళడమే మంచిది. విజయవాడ వన్‌టౌన్ హార్డ్‌వేర్ దుకాణాలలో కౌంటరు మీద పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి రెండింటికీ చెవి తిప్పి చూపించమంటే అభ్యంతరం చెప్పరు. షెడ్డు ఆ రాత్రికి తాళం లేకుండా ఉండకూడదు కనుక పొద్దున్నే ఊడదీసి సాయంత్రానికి బిగించేలా చూసుకోవాలి.

సరిగ్గా సరిపడేది దొరకకపోతే రెండు దారులు ఉంటాయి. పాత రంధ్రాలన్నిటినీ కప్పేటంత ఇనుప పలకను లోపలి వైపు వేసి, ఆ పలక మీద కొత్త తాళం బిగించడం మొదటిది. షట్టరులో తాళం ఉండే పట్టీని మొత్తంగా మార్చడం రెండవది. దీనికి షట్టరును విప్పి చుట్టాలి, కూలీ పెరుగుతుంది. రేకు రంధ్రాల చుట్టూ తుప్పు తిని, గోటితో గీకితే రాలుతూ ఉంటే రెండవదే చేయించాలి. అలాంటి రేకు మీద ఎంత మంచి తాళం వేసినా గునపం దెబ్బకు తాళం కాదు, రేకే చిరుగుతుంది.

పిడి సంగతి వేరు

తాళాన్ని, పిడిని ఒకే పనిగా చూడడం వల్లనే రెండూ పాడవుతున్నాయి. తాళాన్ని తిప్పే పిడిని పట్టుకుని షట్టరును లేపితే ఆ బరువంతా తాళం లోపలి ఇరుసు మీద పడుతుంది. చతురస్రంగా ఉండవలసిన దాని రంధ్రం మెల్లగా గుండ్రబడి, పిడి తిరుగుతుంది కాని లోపలి పలక తిరగదు. ఇలాంటి షట్టరుకు కొత్త సెట్టు వేయించినప్పుడు, అడుగు పట్టీకి విడిగా రెండు లాగుడు పిడులు, ఎడమన ఒకటి, కుడిన ఒకటి, తప్పకుండా పెట్టించాలని నా సలహా. రెండు పక్కలా సమానంగా లేపితే షట్టరు గైడులో ఒరగదు, అందువల్ల కమ్మీల ఎత్తు కూడా తప్పదు.

బిగింపులో మూడు పద్ధతులున్నాయి. పాప్ రివెట్లు త్వరగా పడతాయి, చవక. అయితే అల్యూమినియం రివెట్లు లాగుడు బరువుకు సాగి వదులవుతాయి. వెల్డింగు గట్టిదే కాని, పలుచని పాత రేకుకు కంతలు పడే ప్రమాదం ఉంది, కాలిన చోట తుప్పు ముందుగా పుడుతుంది. వెల్డింగు చేయిస్తే అదే రోజు గీకి రెడాక్సైడు (తుప్పును ఆపే ఎర్ర పూత) పూయించాలి. నాకు నచ్చినది మూడవది: బయటి వైపు గుండ్రటి నున్నని తల ఉన్న బోల్టులు, లోపలి వైపు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీ, దాని మీద వాషరు, నట్టు. లాగుడు బరువు రెండు కంతల మీద కాక పట్టీ పొడవునా పంచుకుంటుంది, బయటి నుంచి స్పానరుకు ఏమీ చిక్కదు. పిడి కూడా పోతపోసిన జింకు మిశ్రమానిది కాక ఉక్కుది తీసుకోవాలి. పోత పిడి మెరుగ్గా కనిపిస్తుంది కాని మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది.

నాలుగవ మార్గం: నడిమి తాళం వదిలి, రెండు చివరలా తాళం కప్పలు

దుకాణాల షట్టర్లకు మనం రోజూ చూసే పద్ధతి ఇది. యంత్రాంగం ఏమీ లేదు కనుక పాడయ్యేది తక్కువ, కప్ప పాడైతే ఎక్కడైనా మరొకటి దొరుకుతుంది, షట్టరు కొంచెం దిగినా లేచినా పెద్ద తేడా రాదు. ఒకే చెవితో రెండూ తెరుచుకునే జత కప్పలు కొనుక్కుంటే చెవుల గుత్తి పెరగదు.

లోపాలు కూడా అంత స్పష్టమైనవే. రెండు చివరలా మాత్రమే పట్టు ఉన్న వెడల్పాటి షట్టరును దొంగలు నడుమ గునపం పెట్టి పైకి వంచుతారు. నడిమి తాళం కమ్మీలు షట్టరు వెడల్పంతా అడ్డంగా ఉండి ఆ వంపును చాలావరకు ఆపేవి. కాబట్టి నడిమి తాళాన్ని వదిలేసేవారు నడుమ నేలలో ఒక కొండీ పాతించి మూడవ కప్ప వేసుకోవాలి. ఆ కొండీ గుంటలోకి వాన నీరు, మట్టి చేరకుండా పక్కకు చిన్న వాలు పెట్టించకపోతే ప్రతి వర్షాకాలం ఇబ్బందే. కొక్కెం బయటికి బాగా కనిపించే కప్ప కన్నా, కొక్కెం పెట్టె లోపలే దాగి ఉండే గుండ్రటి షట్టరు కప్ప కత్తిరించడానికి కష్టం. గొళ్ళేన్ని కూడా బోల్టులతో కాక వెల్డింగుతో బిగించడమే ఇక్కడ సరైనది, ఎందుకంటే అది పడేది మందమైన అడుగు పట్టీ మీద కాని పలుచని రేకు మీద కాదు.

మోకాళ్ళ నొప్పులున్నవారికి మాత్రం ఈ పద్ధతి శిక్ష. నేల దాకా వంగి, రెండు మూడు కప్పలు విప్పి, వాటిని ఎక్కడో పెట్టి, మళ్ళీ వెతుక్కుని వేయాలి. లోపలి నుంచి తెరిచే వీలు కూడా ఉండదు.

ఐదవ మార్గం: మోటారు

తాళం పాడైందని మోటారు పెట్టించడం, నా దృష్టిలో, వేరే కోరికను తాళం నెపంతో తీర్చుకోవడమే. తప్పు కాదు, కాని ఆ సంగతి తెలిసి చేయాలి. మోటారు గేరు షట్టరును దించిన చోటే పట్టి ఉంచుతుంది కనుక తాళం అవసరం తగ్గుతుంది, వంగే పని పోతుంది. అయితే పాత షట్టరు స్ప్రింగులు, గైడులు సరిగ్గా లేకపోతే మోటారు కూడా శ్రమపడుతుంది; తుప్పు తిన్న పట్టీలు చుట్టుకునేటప్పుడు మడతపడతాయి. కరెంటు పోయినప్పుడు చేతితో తెరిచే గొలుసు లోపలి వైపు ఉంటుంది, కాబట్టి షెడ్డుకు మరో దారి లేకపోతే బయటి నుంచి మోటారును విడిపించే ఏర్పాటు తప్పనిసరిగా అడగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మోటారు పెట్టాక పాత నడిమి తాళాన్ని అలాగే వదలకూడదు. అది పడి ఉన్నదని మరచి ఎవరైనా బటను నొక్కితే కమ్మీలు కింద పట్టుకుని ఉండగా మోటారు పైకి లాగుతుంది, షట్టరు నడుము విరుగుతుంది.

| కొలబద్ద | శుభ్రం, సర్దుబాటు | సిలిండరు మార్పు | పూర్తి సెట్టు | తాళం కప్పలు | మోటారు |
|---|---|---|---|---|---|
| ఖర్చు | అతి తక్కువ | తక్కువ | మధ్యస్థం | తక్కువ నుంచి మధ్యస్థం | చాలా ఎక్కువ |
| పాత చెవుల భయం | అలాగే ఉంటుంది | పోతుంది | పోతుంది | పోతుంది | పోతుంది |
| నడుమ వంచడాన్ని ఆపడం | కమ్మీలు బాగుంటే ఆపుతుంది | అంతే | బాగా ఆపుతుంది | నేల కొండీ ఉంటేనే | గేరు పట్టును బట్టి |
| లోపలి నుంచి తెరవడం | తాళం రకాన్ని బట్టి | తాళం రకాన్ని బట్టి | అడిగి కొనాలి | వీలు లేదు | వీలుంది |
| రోజువారీ సౌకర్యం | బాగుంటుంది | బాగుంటుంది | బాగుంటుంది | విసుగు | చాలా బాగుంటుంది |
| రేకుకు కొత్త రంధ్రాలు | ఉండవు | ఉండవు | ఉండవచ్చు | ఉండవు (అడుగు పట్టీకి వెల్డింగు) | ఉండవచ్చు |

ఎవరికి ఏది?

రోజూ కారు తీసేవారు, రేకు గట్టిగా ఉంటే, పూర్తి సెట్టు మార్చి విడి పిడులు పెట్టించుకోవడం మేలు. బడ్జెట్టు బిగువుగా ఉండి పెట్టె లోపలి భాగాలు బాగున్నవారు శుభ్రం, సర్దుబాటుతో కొన్నేళ్ళు నెట్టవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

పిల్లలు పరదేశంలో ఉండి, ఏడాదిలో కొన్ని నెలలు ఇంటికి తాళం వేసి వెళ్ళే పెద్దవారి సంగతి వేరు. వారు నడిమి తాళాన్ని బాగుచేయించుకుని, ఊరికి వెళ్ళే రోజుల కోసం మాత్రమే చివర్ల గొళ్ళేలు కూడా పెట్టించుకోవాలి. ఇంట్లో ఉన్నప్పుడు వంగే పని ఉండదు, లేనప్పుడు రెండు రకాల పట్టూ ఉంటుంది. వెళ్ళేముందు కప్పలకు పలుచని ప్లాస్టిక్ తొడుగు కడితే వానకు, దుమ్ముకు కొంత ఆగుతాయి, బిగుతుగా కట్టకుండా కింద గాలి ఆడనివ్వాలి.

షెడ్డును గోడౌనుకో చిన్న దుకాణానికో అద్దెకు ఇచ్చేవారికి తాళం కప్పల పద్ధతి చాలు, ఎందుకంటే అద్దెకున్నవారు మారినప్పుడల్లా కప్ప మారిపోతుంది, నడిమి తాళం జోలికి పోనక్కరలేదు. అద్దెకున్నవారే బాగుచేయించుకోవలసి వస్తే, షట్టరుకు కొత్త రంధ్రాలు పెట్టే ఏ పనైనా ఇంటి యజమానికి ముందుగా చెప్పి చేయించాలి.

నీరు చేరే ప్రాంతాలవారు ఇంకొక కోణం చూడాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి; అలా మునిగిన షట్టరు తాళం పెట్టె విప్పితే లీవర్ల సందుల్లో ఒండ్రు గట్టిపడి, ఇటుక పొడిలాగా రాలుతుంది. అలా మునిగిన తాళానికి పై నుంచి నూనె పోయడం వ్యర్థం. పెట్టె విప్పించి, మంచినీటితో కడిగి, కిరసనాయిలుతో తోమి, పూర్తిగా ఆరాక కందెన వేయాలి. ఇది నీరు తీసిన వెంటనే చేస్తే తాళం దక్కుతుంది, నెలలు ఆగితే దక్కదు. ఈ ప్రాంతాలలో తాళం కప్పల పద్ధతికే నా ఓటు, ఎందుకంటే మునిగి పాడైనా మార్చడం తేలిక. మోటారు పైన ఉంటుంది కనుక నీటికి అందకపోవచ్చు కాని, దాని స్విచ్చు పెట్టె మనిషి చేతి ఎత్తులో ఉంటుంది. పెట్టించేవారు దానిని వీలైనంత పైన పెట్టించాలి.

షట్టరు కాక రెండు రెక్కల ఇనుప తలుపు ఉన్న పాత షెడ్లకు ఈ లెక్కలో సగమే వర్తిస్తుంది. అక్కడ కమ్మీల గొడవ లేదు. తాళం పడకపోవడానికి కారణం ఎక్కువగా మడతబందులు అరిగి ఒక రెక్క కిందికి వాలడమే. ఆ రెక్కను లేపి మడతబందు మార్పిస్తే పాత అల్‌డ్రాపే (తలుపు అడ్డగడియే) మళ్ళీ పడుతుంది.

పని చేయించేటప్పుడు

షట్టరు మేస్త్రిని పిలిచేటప్పుడు "తాళం మార్చాలి" అని కాక, "ఇలా అదిమితే పడుతోంది, ఇలా అయితే పడడం లేదు" అని లక్షణం చెప్పడం మంచిది. కూలీ మాట్లాడుకునేటప్పుడే స్ప్రింగుల బిగువు, గైడుల శుభ్రత కూడా ఆ కూలీలోనే ఉన్నాయా, వేరా అని తేల్చుకోవాలి. పని సగంలో ఉండగా తేలితే బేరం మన చేతిలో ఉండదు. ఆటోనగర్‌లో చేయించుకునే విడి పలక, పట్టీ వంటివి ముందుగా కొలతలిచ్చి కోయించి ఉంచుకుంటే మేస్త్రి సమయం కలిసివస్తుంది.

డబ్బు ఇచ్చే ముందు షట్టరును బయటి నుంచి, లోపలి నుంచి కొన్నిసార్లు వేసి తీసి చూడాలి. ఒకరు లోపల ఉండి కమ్మీ కొస గైడు రంధ్రంలోకి బొటనవేలి గోరు పొడవైనా దూరుతున్నదని కళ్ళారా చూడాలి. పని పొద్దున పూర్తయితే, పడమటి ముఖం షట్టరు ఉన్నవారు మిగిలిన కూలీ సాయంత్రం ఎండ తగిలాక మరొకసారి తాళం వేసి చూసి ఇస్తామని ముందే చెప్పుకోవడం ఉభయులకూ మంచిది. కొత్త సెట్టుతో వచ్చిన చెవులన్నీ అక్కడికక్కడే ఒక్కొక్కటిగా తిప్పి చూసి, ఒకదానిని వాడకుండా బీరువాలో ఉంచుకోవాలి.